మొక్కనాడు వంగని దేహము



మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత మన పల్లెలలో ఎరుగనివారు లేరు. చదువు విషయమునను నడవడి విషయమునను ఆ సామెతకు గల విలువను నేను కాదనను. కాని దానినే మనము దేహబలమునకు కూడ అన్వయించుకొని కూర్చున్నాము. చిన్ననాడు ఆటపాటలు లేక పెరిగినవాడు "ఇక ఈ వయసులో నాకు వ్యాయామ మెందుకు? పోయినది పోయినదే" యనుచున్నాడు. అరువది యేండ్లవాడే కాదు, ముప్పది యేండ్లవాడును ఆ మాటయే అనుచున్నాడు. ఈ సామెత మ్రానునకు తగును గాని మాంసమునకు తగదని నేడు మీకు మనవి చేయదలచితిని.

మ్రాను లోపలి చేవ ఒకమారు ఏర్పడిన పిమ్మట అది ప్రాణము లేని భాగము. అందు మార్పు లేదు. మన కండ అట్టిది కాదు. ప్రాణ మున్నంతకాలము అది తన్ను తాను కొంత కూల్చుకొనుచు, కొంత కట్టుకొనుచు నుండును. పని పెట్టినచో కట్టుట హెచ్చును. పని లేనిచో కూల్చుట హెచ్చును. ఎముకయు ఇంతే, గుండెయు ఇంతే. కావున "వంగునా వంగదా" యని అడుగుట కంటె, ఎంత వంగును, ఎట్లు వంచవలయును, ఏది వంగదు అని అడుగుట యుక్తము.

మాది నల్లపాడు. ఇప్పుడది గుంటూరు నగరములో కలిసిపోయినది గాని నా చిన్ననాట అది నల్లరేగడి చేలనడుమ నున్న పల్లె. ఆ దినములలో పిల్లలు కదలక మెదలక పెరుగుట అరుదు. బడి వదలినంతనే పత్తిచేనికో, మిరపకల్లమునకో, గొడ్ల వెంటనో పోవలసినదే. కూర్చుండి పెరుగుట కొలదిమందికే కలిగిన భాగ్యమో దౌర్భాగ్యమో. ఆ కొలదిమందిలో నేనొకడను. ఉబ్బసపు పిల్లవాడనని మా నాయనమ్మ నన్ను దుమ్ములోనికి పోనిచ్చెడిది కాదు. మిరపకాయల ఘాటు తగిలిన దగ్గు తెమలదని మాఘ ఫాల్గుణములలో కిటికీలు సైతము మూయించెడిది. తోడిపిల్లలు చెడుగుడు, బిళ్లంగోడు ఆడుచుండ నేను అరుగుమీద కూర్చుండి అమరము వల్లించుచుంటిని. అందులకు ఆ పెద్దలను నేను తప్పుపట్టను. పిల్లవాని ప్రాణముపై వారికి గల ప్రేమ అట్టిది. ఫలిత మేమనగా, పదునాలుగవ యేట నిండు బిందెను నూతినుండి ఇంటికి తేలేని చేతులు, పరుగెత్తిన పది అడుగులకే ఈల వేయు రొమ్ము. ఆపైన ప్రాచ్య కళాశాల, భాషాప్రవీణ పరీక్ష, తెలుగు పండితుని ఉద్యోగము. తరగతిలో నిలుచుండి పాఠము చెప్పుట గొంతునకు వ్యాయామమే గాని కాళ్లకు కాదు.

నేడు ఆ కొలదిమంది స్థితియే అందరిదియు అయినది. తెల్లవారినది మొదలు పత్తి తీయు తల్లికి ఒడలంతయు పనియే. ఆమె కొడుకు మాత్రము బడికి ఆటోలో పోయి, ట్యూషనునుండి ఆటోలో వచ్చి, రాత్రి సెల్‌ఫోను ముందు కూర్చుండును. మిరప యార్డులో నలుబది కిలోలకు పైబడు టిక్కీని వీపున వేసికొని నడచు హమాలీ యింటిలోనే, ఆ బరువులో సగము ఎత్తలేని పదునారేండ్ల బాలుడు పెరుగుచున్నాడు. తాను పడిన కష్టము కొడుకు పడరాదని తండ్రి తలచుట న్యాయమే. కాని కష్టమును తప్పించుచు కదలికను కూడ తప్పించుచున్నాము. ఇవి రెండును వేరని తెలియుట ముఖ్యము.

కదలిక లేకుండుటవలన ఏమగునో తెలుపు పరీక్ష యొకటి చెప్పెదను. 1966వ సంవత్సరమున అమెరికాలోని డల్లాసు నగర వైద్యులు ఇరువదేండ్ల ఆరోగ్యవంతులైన యువకుల నైదుగురిని మూడు వారములపాటు మంచము దిగకుండ పరుండబెట్టిరి. ఆ స్వల్పకాలములోనే, పీల్చిన ప్రాణవాయువును దేహము వినియోగించుకొను శక్తి వారికి ఎంతో తగ్గిపోయెను. ముప్పదేండ్లకు మరల ఆ అయిదుగురినే పిలిచి పరీక్షించిరి. వింతయేమనగా, ముప్పదేండ్ల వయోభారము చేసిన నష్టముకంటె నాటి మూడు వారముల పడక చేసిన నష్టమే పెద్దదని తేలినది. అప్పుడు వారికి ఏబదేండ్లు. బొజ్జలు పెరిగియుండెను. వైద్యులు వారిచేత ఆరు నెలలు క్రమముగా నడక, మెల్లని పరుగు, సైకిలు తొక్కుట చేయించిరి. ముప్పదేండ్లలో పోయిన ఆ శక్తి వారికి తిరిగి వచ్చెను. మనము వయసుపై మోపు నిందలో ఎంత భాగము నిజముగా కుర్చీకి చెందవలయునో దీనివలన ఊహించుకొనవచ్చును.

1953లో మోరిస్ అను ఆంగ్లేయ వైద్యుడు ప్రకటించిన విషయము మనకు ఇంకను సులభముగా బోధపడును. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును, కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. ఇద్దరిదియు ఒకే కొలువు, ఒకే బస్సు. గుండెజబ్బులు మాత్రము డ్రైవర్లలో అధికముగా కనబడెను.

ఇక ఏది తిరిగి రాదో కూడ చెప్పవలయును. చిన్ననాడు కదలనివాడు ఏమియు కోల్పోలేదనుట అసత్యము. ఎముకలలో సున్నము వంటి సత్తువ చేరుట బాల్యయౌవనములలో అధికము. ముప్పదవ యేడు వచ్చునప్పటికి ఆ గాదె నిండవలసినంత నిండును. ఆ పిమ్మట ఉన్నదానిని కాపాడుకొనుటయే ప్రధానము. ఎగిరి దుమికి పెరిగిన పిల్లల గాదె పెద్దది, అరుగుమీద పెరిగిన నా వంటివాని గాదె చిన్నది. ఈ లోటు పూర్తిగా తీరదు. కాని కండబలము, ఊపిరి, తూకము తప్పక నిలుచు నేర్పు, ఈ మూడును ఏ వయసునందైనను పెంచుకొనదగినవే. చిన్న గాదెను పడిపోకుండ కాపాడునవి ఈ మూడే గదా.

ఏ వయసునందైనను అనుట అతిశయోక్తి కాదు. 1990లో అమెరికాలోని బోస్టను నగరమున ఒక వృద్ధుల ఆశ్రయమందు తొంబదేండ్ల ప్రాయపు వారిని పదిమందిని తీసికొని, ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తించిరి. వారందరును నీరసించినవారే. తుదివరకు నిలిచిన తొమ్మండుగురి తొడబలము సగటున నూటికి 174 వంతులు పెరిగినది. అనగా ఉన్నదానికి రెండున్నర రెట్లు మించినది. తొంబదేండ్ల మ్రాను ఎనిమిది వారములలో వంగినది.

ఇందు ఒక రహస్యము కలదు. బలము తొలివారములలో పెరుగునది కండ లావగుటవలన కాదు. నిద్రించుచున్న కండపోగులను మేల్కొలుపుట నరములు మొదట నేర్చుకొనును. ఆ తరువాతనే పోగులు లావెక్కును. అందుచేతనే ఆరంభించినవాడు అద్దములో చూచుకొని మార్పు కానక నెల తిరుగకముందే మానివేయును. మార్పు అద్దములో కాదు, మెట్లమీద మొదట కనబడును.

నా విషయము కొంత చెప్పెదను. ఏబదిరెండవ యేట బడిపిల్లలతో కోటప్పకొండకు పోయి మెట్లదారిని ఎక్కుచుండగా సగములో నా ఊపిరి నిలిచిపోయినట్లయి కూలబడితిని. తలపై కొబ్బరికాయల గంప నిడుకొని, నాకంటె పెద్దదియైన యొక యమ్మ నన్ను దాటి పోయినది. మా బడి డ్రిల్లుమాస్టరు నా ప్రక్కనే కూర్చుండి నీళ్లిచ్చెను. నాకంటె పదేండ్లు చిన్న. "మాస్టారూ, చిన్నప్పుడు లేనిది నాకిప్పు డెక్కడినుండి వచ్చును?" అంటిని.

"పంతులుగారూ, మీ బావమరిదిగారు ఒంగోలు గిత్తలను బండలాగుడు పందేనికి తయారు చేస్తారు గదా. పాలపళ్ల గిత్తకు మొదటి రోజే పెద్ద బండ కడతారా?"

"కట్టరు."

"మరి మిమ్మల్ని మీరు ఒక్కరోజున కొండకు కట్టుకున్నారేమిటండీ!"

అయ్యలారా, వ్యాయామశాస్త్రమంతయు ఆ మాటలో నున్నది. ఆ పందెముల సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. పాలపళ్ల గిత్తలకు ఒక తరగతి, రెండు పళ్లవానికి, నాలుగు పళ్లవానికి, ఆరు పళ్లవానికి వేరువేరు తరగతులు. చిన్న బండతో మొదలిడి, గిత్త దానిని తేలికగా లాగిన పిమ్మటనే బరువు పెంచుదురు. లాగించిన మరునాడు విశ్రాంతి నిచ్చెదరు. ఉలవలు ఉడికించి పెట్టెదరు. గిట్టలు, మెడ, మూపు తడవి చూచెదరు. బరువు కొంచెము కొంచెముగా పెంచుట, నడుమ విశ్రాంతి, తగిన తిండి, శరీరమును కనిపెట్టి చూచుట. మనిషికిని కావలసినవి ఇవియే. విశ్రాంతి సోమరితనము కాదు. బరువు మోసినప్పుడు కండ అలయును, విశ్రాంతివేళ అది కట్టబడును.

ఆ డ్రిల్లుమాస్టరు నాకు విధించిన క్రమ మిది. మొదటి వారము పది నిమిషముల నడక మాత్రమే. తెల్లవారుజామున మా యింటినుండి నల్లపాడు రైలు స్టేషను వైపు. ఇంకను నడువగలనని తోచినను మరలవలసినదే. తరువాత వారమునకు రెండేసి నిమిషములు చేర్చుట. నాలుగవ నెలలో నలుబది నిమిషములు నడచితిని. ఇది ఊపిరికి. బలమునకు, చేతు లూనక కుర్చీనుండి లేచుట. మొదటి దినము అయిదు మారులు లేచునప్పటికి తొడలు వణకెను. దినము విడిచి దినము చేసి పదునైదు మారులకు వచ్చినపిమ్మట కుర్చీ మాని ముక్కాలిపీట, ఆపైన వంటింటి పీట. చేతులకు గోడను నెట్టుట, కొన్నినెలలకు అరుగు అంచును పట్టి వంగి లేచుట. తూకమునకు తలుపుపట్టె ప్రక్కన ఒంటికాలిపై నిలుచుట. రూపాయి ఖర్చు లేదు. గుంజీళ్లు మాత్రము మొదట ఆయన నాకు చెప్పలేదు. మోకాళ్లు సిద్ధము కానిదే వలదనెను. (మన బడులలో గుంజీళ్లను శిక్షగా వేయించుట అలవాటు. వ్యాయామమును శిక్షగా నెరిగిన బాలునికి దానిపై ప్రీతి ఎట్లు కలుగునో నాకు తెలియదు.)

ఉబ్బసము పోయినదా యని మీరు అడుగవచ్చును. పోలేదు. మందు వాడుచునే యున్నాను. నడకకు ముందు పీల్చు మందును డాక్టరు చెప్పినట్లు పీల్చుకొందును. కాని అదే రొమ్ము ఇప్పుడు ఎక్కువ పనిని తక్కువ ఆయాసముతో చేయుచున్నది. మరుసటి శివరాత్రి పోయిన పిమ్మట, జనసమ్మర్దము లేని యొక దినమున కోటప్పకొండ మెట్లెక్కితిని. మూడు చోట్ల ఆగితిని.

ఎంత చేయవలయునను ప్రశ్నకు మన ప్రాచీన వైద్యులే చక్కని కొలత చెప్పిరి. అష్టాంగహృదయమున వాగ్భటుడు, బలవంతులు శీతకాలమునందును వసంతమునందును తమ బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటె తగ్గింపవలెననియు విధించెను. ఆ సగమును ఎట్లు కనుగొనవలెను? రొమ్ములోని వాయువు నోటికి వచ్చుటయే, అనగా నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చుటయే, అర్ధబలమునకు గురుతని సుశ్రుతుడు చెప్పెను. నేటి వైద్యుల మాటయు దీనికి దగ్గరగానే యున్నది: నడచుచు ప్రక్కవానితో మాటలాడగలిగి, పాట మాత్రము పాడలేనంత వేగము మధ్యమ వ్యాయామము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచన ప్రకారము పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు అట్టి వ్యాయామమును, రెండు దినములైన బలము పెంచు పనిని చేయవలెను. అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు మూడు దినములు తూకము నేర్పు అభ్యాసములను కూడ చేయవలెను. ఋతుభేదమును మన గుంటూరు మండలమువారు మరువరాదు. వైశాఖ జ్యేష్ఠములలో ఎనిమిది గంటలకే నేల కాలును. ఆ దినములలో సూర్యోదయమునకు ముందే ముగింపవలెను.

బలమనగానే మనవారు కోడి రామమూర్తి నాయుడుగారి పేరు తలచెదరు. వీరఘట్టమున పుట్టి, రొమ్మున కట్టిన ఇనుపగొలుసులను తెంచి, ఏనుగును రొమ్ముపై నిలిపిన ఆ మహాబలుడు 1942లో కీర్తిశేషుడయ్యెను. ఆయన కథ విని చప్పట్లు కొట్టి ఇంటికి పోయి పరుండుటకే మనకు పనికివచ్చుచున్నదని నా కనుమానము. బలహీనునికి కావలసిన కథ వేరు. తెలుగువారు విస్తారముగా నున్న కోలారు ప్రాంతమందలి బెళ్లూరులో 1918లో, విషజ్వరము దేశమును ఊడ్చుచున్న దినములలో, ఒక శిశువు పుట్టెను. చిన్నతనముననే మలేరియా, టైఫాయిడు, క్షయ ఒకదాని వెంట నొకటి అతనిని పట్టెను. కాళ్లుచేతులు పుల్లలు. 1934లో మైసూరులో యోగము నేర్పుచున్న బావగారు తిరుమలై కృష్ణమాచార్యులవారి యొద్దకు చేరెను. బిగుసుకొనిపోయిన ఆ దేహమునకు యోగము అబ్బునని తొలుత గురువునకే నమ్మకము లేదట. ఆయనయే బి.కె.ఎస్. అయ్యంగారు. 1937లో పూనాకు పోయి బోధింప మొదలిడి, లోకమంతట శిష్యులను సంపాదించి, 2014లో తొంబదియైదవ యేట గతించెను. ఆయన సాధించినంత మనము సాధింపవలెనని కాదు. ఆయన మొదలుపెట్టిన చోటును చూడుడు.

తిండి విషయము రెండు మాటలు. గిత్తకు ఉలవలు, పత్తిగింజలు పెట్టి, మనము ఊరగాయతో అన్నము తిని లేచెదము. కండ కట్టుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, పెరుగు, సెనగలు, వేరుసెనగ, తినువారికి గ్రుడ్డు, చేప. వీనిలో ఏదో ఒకటి పూటపూటకు ఉండవలెను. అన్నము కొంత తగ్గించి పప్పు కొంత పెంచినచో చాలును. మధుమేహము గలవారికి నడకవలన మరియొక మేలు కలదు: కదలుచున్న కండ నెత్తురులోని చక్కెరను తనంతట తాను పీల్చుకొనును. అయితే ఇన్సులిను గాని, చక్కెరను బాగుగ దించు మాత్రలు గాని వాడువారు డాక్టరు నడిగి మొదలిడవలెను. పరగడుపున నడచి తూలిపడినవారిని చూచితిని. నడకలో రొమ్ము పట్టినట్లున్నను, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకినను, అప్పుడే నిలిచి ఆసుపత్రికి పోవలయును. దానిని వాతమని తోసివేయరాదు.

మా పెద్దక్కగారి విషయము చెప్పకుండ ఉండజాలను. నన్ను అరుగుమీద కూర్చుండబెట్టిన ఇంటిలోనే ఆమెను గదిలో కూర్చుండబెట్టిరి. నాకు అరుగు, ఆమెకు గడపలోపల. పండ్రెండవ యేట ఆట మానినది. డెబ్బదియొకటవ యేట స్నానాలగదిలో జారి తుంటి విరిగినది. శస్త్రచికిత్స చక్కగా జరిగినది, ఎముక అతికినది. కాని మంచమునుండి లేచి నిలుచుటకు కావలసిన తొడబలము ఆమెకు మొదటినుండియు లేదు. పదునొకండు నెలలు మంచమున నుండి పోయినది. కుర్చీనుండి చేతు లూనక లేచుట అను చిన్నపని ఎంత పెద్దదో నాకు ఆమె మంచము ప్రక్కన తెలిసినది.

కావున ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలు తమ సంగతియే కాక తమ ఇండ్లలోని స్త్రీల సంగతిని కూడ ఆలోచింప వేడుచున్నాను. "మా ఆడవారికి ఇంటిపని చాలును" అనకుడు. ఇంటిపని అలయించును గాని, తూకమును తొడబలమును క్రమముగా పెంచదు. చేలో పనిచేయు స్త్రీకి కాళ్లలో బలమున్నది, ఆమెకు కావలసినది విశ్రాంతియు తిండియు. ఇంటిపట్టున నుండునామెకు కావలసినది నడక. ఇద్దరికిని ఒకే మందు వ్రాయరాదు.

పిల్లలకు, అనగా అయిదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు, దినమున కొక గంట ఒడలు అలయునట్టి ఆట కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఎముకల గాదె నిండు కాలమది. మన గ్రామములలో స్థలమునకు కొదవ లేదు, బడి మైదానములున్నవి. అయితే బడి వదలినంతనే తాళము పడు మైదానములు పెక్కులు కలవు. పశువులు చొరబడుననియో, సీసాలు పగులగొట్టెదరనియో కారణము చెప్పుదురు; అది కల్ల కాదు. ప్రధానోపాధ్యాయునితోను, పంచాయతీ సర్పంచితోను మాటలాడి, సాయంకాలము అయిదు మొదలు ఏడు గంటల వరకు తాళపుచెవి నమ్మకస్థుడైన యొక పెద్దమనిషి యొద్ద నుండునట్లు ఏర్పాటు చేయుడు. ఆ రెండు గంటలలో మొదటి గంటను ఆడపిల్లలకు విడువుడు. ఆ సమయమున ఇద్దరు ముగ్గురు అవ్వలు మైదానము చుట్టును నడచుచున్నచో, ఆడపిల్లలను పంపుటకు తల్లులు వెనుదీయరు. అవ్వలకు నడకయు అగును.